ఇంజనుకు బోరు పని కావలెనా? విప్పక మునుపే తెలిసికొను విధము

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి చిలమత్తూరు మండలములోని కొడికొండ చెక్కుపోస్టు కడ మన రాష్ట్రపు పొలిమేర దాటి కర్ణాటకమున ప్రవేశించి బాగేపల్లి చేరును. పడమటగా లేపాక్షి మీదుగా హిందూపురమునకు త్రోవ కలదు. ఉత్తరమున పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. అయినను ఈ ప్రాంతపు గ్రామములకు వచ్చి చేరు కార్లలో పెక్కు కొత్తవి కావు. బెంగుళూరులో ఏడెనిమిది సంవత్సరములు తిరిగి, యజమాని మారిన సెకండుహ్యాండు బండ్లే మన రైతులకును, డ్రైవరు వృత్తితో బ్రతుకు యువకులకును అందుబాటులో ఉన్నవి. వేరుసెనగ అమ్మిన సొమ్ము కొంత, పొదుపు సంఘపు అప్పు కొంత కలిపి కొన్న బండి నాలుగు నెలలు తిరుగక మునుపే పొగ కొట్టుట, ఆయిలు త్రాగుట ఆరంభించును. మెకానిక్కు చూచి, "ఇంజను బోరుకు వచ్చినది" అనును. అటు పిమ్మట కొన్నవాడును, అమ్మినవాడును, నడుమ మాట చెప్పినవాడును పంచాయతీ పెద్దల యెదుటకు వత్తురు.

ఈ సీమలో బోరు అను మాటకు రెండర్థములు కలవు. పొలములో వేయు బోరు ఒకటి, ఇంజనుకు చేయు బోరు ఒకటి. రెండును సంసారమును అప్పులపాలు చేయగలవు. మొదటి బోరు వేయుటకు ముందు అరచేతిలో కొబ్బరికాయ నిలుపుకొని పొలమంతయు నడుచువారు నేటికిని కలరు. రెండవదాని విషయమున అట్టి ఊహలతో పని లేదు. ఇంజను లోపలి స్థితిని బయటి నుండియే కొలిచి చెప్పు పనిముట్టు ఒకటి కలదు. దాని వెల ఇంజను విప్పించు ఖర్చులో అల్పభాగము మాత్రమే. ఇంటి వాకిట, చెట్టు నీడన, ఒక గంట కాలములో ఆ పరీక్ష ముగియును. బోరు పనికి ఒప్పుకొనక మునుపు ఈ కొలత తీయించుట ఎట్లో, దాని ఫలితమును చదువుట ఎట్లో పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట మేలు.

ముందుగా సిలిండరు అనగా నేమో చెప్పుకొందము. వైద్యుడు వాడు ఇంజెక్షను సిరంజి అందరు చూచినదే. దాని కొసను వ్రేలితో మూసి కాడను లోనికి నెట్టినచో గాలి నొక్కుకొని తిరిగి తన్నును. వ్రేలు సరిగా మూయనిచో, లేక లోపలి రబ్బరు అరిగినచో గాలి జారిపోయి ఆ తన్ను ఉండదు. ఇంజనులోని సిలిండరు ఇట్టిదే. 1876లో జర్మనీ దేశమున నికొలౌస్ ఆటో నడిపి చూపిన నాలుగు దెబ్బల పద్ధతియే నేటి పెట్రోలు కార్లలోను ఉన్నది. పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చును. పైకి లేచుచు వానిని తొమ్మిది, పది వంతులు చిన్నదైన చోటులోనికి నొక్కును. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. మండిన వాయువు పిస్టనును క్రిందికి త్రోయును. నాలుగవ దెబ్బకు పొగ బయటికి పోవును. ఇందులో రెండవ దెబ్బ, అనగా నొక్కుటయే, ప్రాణము. మెకానిక్కులు దీనినే కంప్రెషను అందురు. నొక్కుడు తగ్గినచో మంట చాలదు, పికప్పు ఉండదు, పెట్రోలు ఎక్కువ కాలును.

ఆ నొక్కుడు జారిపోవుటకు దారులు ముఖ్యముగా మూడు. పిస్టను చుట్టునున్న రింగులు, అవి రాయుచుండు సిలిండరు గోడ అరిగి క్రిందనున్న ఆయిలు గదిలోనికి జారవచ్చును. గాలి వచ్చు, పొగ పోవు కవాటములు, అనగా వాల్వులు, సరిగా మూయక అటు జారవచ్చును. సిలిండరులకును పైనున్న హెడ్డునకును నడుమ పరచిన గ్యాస్కెట్టు కాలి, ప్రక్క సిలిండరులోనికో, నీటి దారిలోనికో జారవచ్చును. వీనిలో మొదటిదానికే బోరు పని కావలసియుండును. గోడను మరికొంత తొలిచి, పెద్ద పిస్టనులు వేయుదురు. రెండవ, మూడవ లోపములకు హెడ్డు మాత్రము విప్పిన చాలును. ఖర్చులో ఈ రెంటికిని నడుమ అంతరము ఎంతో యున్నది. పొగ చూచిన మాత్రాన "బోరు" అని తీర్మానించుట అందుచేతనే ప్రమాదము.

ఎర్రమట్టి బాటలలో తిరుగు బండ్లకు రింగుల అరుగుదల త్వరగా వచ్చుటకు కారణము దుమ్ము. ఆ దుమ్ములో సన్నని ఇసుకరేణువులు ఉండును. గాలి ఫిల్టరు చినిగినను, దాని పెట్టె మూత బిగువుగా కూర్చుండకున్నను ఆ రేణువులు ఆయిలుతో కలిసి సానరాయి వలె గోడను గీకును. పాత బండి చూడబోవునప్పుడు మొదట ఆ ఫిల్టరు పెట్టె తెరచి, ఫిల్టరు దాటిన లోపలి గొట్టములో తెల్లని గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు ఎర్రని మట్టి అంటినచో ఇంజను లోపలి సంగతి సగము తెలిసినట్లే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినను చేయువారు అరుదు.

పనిముట్లు లేకయే తెలియు సంగతులు మరికొన్ని కలవు. బండి చూడబోయినప్పుడు ముందుగా బానెట్టుపై చేయి పెట్టవలెను. అది వెచ్చగా నున్నచో అమ్మువాడు మనము రాక మునుపే ఇంజను నడిపియుండెనని అర్థము. చల్లని ఇంజను మొదటిసారి మేల్కొనునప్పుడు బయటపడు లోపములు అప్పుడు కనబడవు. అట్టి బండిని చల్లారనిచ్చి మరల చూడవలెను. పొగ నీలిరంగున నున్నచో ఆయిలు కాలుచున్నది. వేగము పెంచునప్పుడు నీలిపొగ వచ్చినచో రింగులపై అనుమానము. పల్లము దిగునంతసేపు ఆక్సిలరేటరు వదలి, మరల నొక్కగానే గుప్పున వచ్చినచో వాల్వుల చుట్టునుండు చిన్న రబ్బరు సీళ్ళపై అనుమానము. ఆ సీళ్ళు మార్చుట స్వల్పమైన పని. నల్లని పొగ పెట్రోలు అధికముగా పోవుటకు గుర్తు, సిలిండరులకు సంబంధించినదని చెప్పరాదు. చలికాలపు ఉదయమున కొంతసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజమే. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో గ్యాస్కెట్టును శంకింపవలెను. ఆయిలు కొలుచు పుల్లపైనను, ఆయిలు పోయు మూత లోపలను పాలు కలిపిన కాఫీ వంటి జిగురు కనబడినను అదియే అనుమానము.

వెనుకటి డ్రైవర్లకు మరియొక పరీక్ష తెలిసియుండెడిది. అంబాసిడరు వంటి పాత బండ్లను ముందునుండి ఇనుప హ్యాండిలు పెట్టి త్రిప్పి స్టార్టు చేసెడివారు. త్రిప్పునప్పుడు ఒక్కొక్క సిలిండరు చేతికి ఎదురుతన్నును. నాలుగు తన్నులలో ఒకటి మెత్తగా తగిలినచో ఆ సిలిండరులో నొక్కుడు లేదని వారు చేతితోనే చెప్పగలిగెడివారు. నేటి కార్లకు ఆ హ్యాండిలు పెట్టు రంధ్రము లేదు. వారి చేయి చేసిన పనిని గేజి అంకెలలో చేయును.

ఈ కంప్రెషను గేజి చూచుటకు టైరు గాలి చూచు గేజి వంటిదే. కొసన ప్లగ్గు మరలకు సరిపోవు బిగింపు ఉండును. కొలత కూడ టైరు అంగడిలో మనము వాడునదే, చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని. కొన్నిటిపై చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోగ్రాములని ఉండును. అట్టి ఒక కిలోగ్రాము సుమారు 14 పౌనులు.

పరీక్షకు ముందు బ్యాటరీ నిండుగా నుండవలెను. బలహీనమైన బ్యాటరీ స్టార్టరును మెల్లగా త్రిప్పును, మంచి ఇంజనును కూడ చెడ్డదిగా చూపును. బండిని చదునైన చోట, గాలి ఆడు చోట నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, గేరు న్యూట్రలులో నుంచి, ఇంజనును మామూలు వేడికి వచ్చువరకు నడుపవలెను. పిమ్మట పెట్రోలు పంపు ఫ్యూజు తీసివేసినచో గొట్టములలో మిగిలిన పెట్రోలు కాలి ఇంజను తనంతట ఆగిపోవును. అప్పుడు తాళము కట్టివేసి, నిప్పురవ్వ నిచ్చు కాయిలుల తీగెలు ఊడదీయవలెను. ఈ రెండు పనులు మరువరాదు. ప్లగ్గులు తీసిన రంధ్రములనుండి పెట్రోలు ఆవిరి చిమ్ముచుండగా ప్రక్కన నిప్పురవ్వ లేచినచో ఏమగునో చెప్ప నక్కరలేదు. భుజముపై తుండుగుడ్డ గలవారు దానిని తీసి దూరముగా పెట్టవలెను. తాళము త్రిప్పగానే రేడియేటరు ఫ్యాను తనంతట తిరుగు బండ్లు నేడు పెక్కు కలవు.

ప్లగ్గుల చుట్టునున్న దుమ్మును ఊది, తుడిచి, ఇంజను చేయి ఓర్చుకొనునంతగా చల్లారిన పిదపనే ప్లగ్గులు విప్పవలెను. నేటి హెడ్లు అల్యూమినియముతో చేసినవి. మిక్కిలి వేడిగా నుండగా బలవంతముగా త్రిప్పినచో మరలు పాడగును. అన్ని ప్లగ్గులను తీసి, వచ్చిన వరుసలోనే ఒక గుడ్డపై పేర్చవలెను. ఒక ప్లగ్గు మాత్రము ఆయిలుతో తడిసి నల్లగానున్నచో ఆ సిలిండరును గుర్తు పెట్టుకొనవలెను.

ఇప్పుడు గేజిని మొదటి సిలిండరుకు బిగించి, ఒకరు లోపల కూర్చుండి ఆక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి పట్టి స్టార్టరు త్రిప్పవలెను. ఆక్సిలరేటరు త్రొక్కనిచో గాలి లోనికి చాలినంత రాదు. ఇంజను ఐదారు దెబ్బలు నొక్కువరకు త్రిప్పి ఆపవలెను. గేజి ముల్లు మొదటి దెబ్బకు ఎంత లేచినదో, చివరకు ఎచట నిలిచినదో రెండును కాగితముపై వ్రాయవలెను. తక్కిన సిలిండరులకును సరిగా అన్నియే దెబ్బలు. ఒకదానికి ఐదు, ఇంకొకదానికి పది త్రిప్పినచో ఆ అంకెలను పోల్చుటకు వీలు లేదు.

పెట్రోలు ఇంజనులలో మంచి స్థితిలోనున్న సిలిండరు సాధారణముగా 125 నుండి 200 పౌనుల వరకు చూపును. ఏ బండికి ఎంత యుండవలెనో తయారుచేసినవారి సర్వీసు పుస్తకమున నుండును. అయితే ఆ అంకెలను మన సీమలో చూచునప్పుడు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. హిందూపురము ప్రాంతము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తీరప్రాంతముకంటె నూటికి సుమారు 7 వంతులు తక్కువ. కావున తీరపు లెక్కన 180 పౌనులు చూపవలసిన ఇంజను ఇచట 167 చూపినచో దోషము కాదు. ఈ సంగతి ఎరుగక మంచి ఇంజనును నిందించుట తగదు.

అసలు చూడవలసినది మొత్తము అంకె కంటె సిలిండరులకు నడుమ నున్న తేడా. అన్నిటికంటె తక్కువైన అంకె అన్నిటికంటె ఎక్కువైన దానిలో మూడువంతులకు, అనగా నూటికి 75కు, తగ్గరాదని మెకానిక్కుల సామాన్యసూత్రము. కొన్ని కంపెనీల పుస్తకములు ఇంతకంటె గట్టి హద్దు పెట్టును. ఉదాహరణకు ఒక బండిలో నాలుగు సిలిండరులు వరుసగా 165, 160, 105, 162 చూపినవనుకొందము. 165లో మూడువంతులు సుమారు 124. మూడవ సిలిండరు దానికి తగ్గినది. లోపము ఆ ఒక్కచోటనే యున్నది. నాలుగును 120 చొప్పున సమముగా చూపినచో అది వేరు కథ. ఇంజను సమముగా అరిగియుండవచ్చును, లేక వాల్వులను నడుపు బెల్టో, గొలుసో ఒక పన్ను జారియుండవచ్చును. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండరులు మాత్రమే 90కి పడిపోయినచో వాని నడుమ గ్యాస్కెట్టు కాలినదని మొదట అనుమానింపవలెను. పుస్తకములోని అంకెకంటె ఎక్కువ చూపుట మంచి గుర్తని సంతోషింపరాదు. లోపల మసి పేరుకొని చోటు ఇరుకైనప్పుడు ఇట్లగును.

మూడవ సిలిండరులో లోపమున్నదని తెలిసినది. రింగులా, వాల్వులా? దీనిని తేల్చుటకు టీ చెంచాడు ఇంజను ఆయిలు చాలును. ఆ సిలిండరులోనికి ప్లగ్గు రంధ్రమునుండి ఆయిలు పోసి, గోడల చుట్టు పరచుకొనుటకు స్టార్టరును రెండు చుట్లు త్రిప్పి, గేజి బిగించి మరల కొలువవలెను. ఆయిలు రింగులకు గోడకు నడుమ సందును తాత్కాలికముగా మూయును. 105 చూపినది ఇప్పుడు 150కి లేచినచో గాలి జారునది రింగుల వద్ద. 108, 110 వద్దనే నిలిచినచో రింగులు కారణము కావు, వాల్వులో గ్యాస్కెట్టో కారణము. మొదటి కొలతలో వ్రాసికొన్న తొలి దెబ్బ అంకె ఇచట సాక్ష్యము చెప్పును. తొలి దెబ్బకు తక్కువగా లేచి, దెబ్బదెబ్బకు పెరుగుచు పోవుట రింగుల లక్షణము. తొలినుండియు తక్కువయై పెద్దగా పెరుగకుండుట వాల్వుల లక్షణము. ఆయిలు చెంచాడుకు మించరాదు. ఎక్కువ పోసినచో చోటు ఇరుకై అంకె అబద్ధమగును.

వాల్వులని తేలినను వెంటనే హెడ్డు విప్పించుటకు తొందర పడరాదు. వాల్వులను నొక్కు టాపెట్ల సందు మిక్కిలి తగ్గినచో వాల్వు పూర్తిగా మూయదు. గ్యాసుతో నడుపు బండ్లలో ఇది తరచుగా కనబడును. వాల్వు తన గద్దెలోనికి కొంచెము కొంచెముగా దిగి సందు తగ్గిపోవును. టాపెట్లు సరిచేయుటకు వీలున్న ఇంజనులలో పై మూత మాత్రము తీసి, రేకు కొలతతో సందు సరిచేసి, మరల గేజి పెట్టి చూడవలెను. ఆ ఒక్క పనితోనే అంకె సరియైనచో బోరు మాట అటుండగా హెడ్డు పని కూడ తప్పినట్లే.

ఇంకను సందేహమున్నవారికి గాలి పరీక్ష కలదు. రోడ్డు ప్రక్క పంక్చరు అంగడిలోని కంప్రెసరే దీనికి చాలును. గేజి గొట్టము కొసన సైకిలు ట్యూబునకు ఉండునట్టి చిన్న వాల్వు ఉండును. దానిని తీసి ఆ గొట్టము ద్వారా సిలిండరులోనికి గాలి పంపుదురు. పిస్టను నొక్కుడు దెబ్బ చివర పైకి వచ్చి రెండు వాల్వులును మూసియున్న స్థితిలోనే ఇది చేయవలెను. గాలి పిస్టనును నెట్టి ఇంజనును త్రిప్పవచ్చును గనుక బండి పెద్ద గేరులో, హ్యాండుబ్రేకుతో నుండవలెను. ఇంజను ముందరి చక్రమునకు స్పానరు తగిలించి వదలరాదు. మొదట 20, 30 పౌనులతో ఆరంభించి మెల్లగా పెంచుచు చెవి యొగ్గి వినవలెను. పొగగొట్టములో బుస వినబడినచో పొగ వాల్వు, గాలి ఫిల్టరు వైపు వినబడినచో గాలి వాల్వు, ఆయిలు మూత తీసిన చోట గట్టిగా వినబడినచో రింగులు. చల్లారిన రేడియేటరు మూత ముందుగనే తీసియుంచినచో నీటిలో బుడగలు లేచుట గ్యాస్కెట్టు గుర్తు. ఆయిలు మూత వద్ద సన్నని బుస కొత్త ఇంజనులలో కూడ ఉండునని ఎరుగవలెను. రింగులు ఎన్నడును గాలిని పూర్తిగా ఆపవు.

ఇదంతయు పెట్రోలు బండ్ల మాట. డీజిలు కార్లకును, ట్రాక్టరులకును ఈ గేజి పెట్టరాదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో సాధించిన ఇంజనుకు ప్లగ్గు రవ్వతో పని లేదు. గాలిని 15 నుండి 20 వంతుల వరకు నొక్కిన వేడికే నూనె మండును. ఆ నొక్కుడు 300, 400 పౌనుల దాకా పోవును. పెట్రోలు గేజి దానికి ఆగదు. చెంచాడు ఆయిలు పోయుట అచట మరింత ప్రమాదము. ఆ వేడికి ఆయిలు తానే మండవచ్చును. నూనె చిమ్ము గొట్టముల ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పంచాయతీ చెత్త ట్రాక్టరుకు బోరు చెప్పినప్పుడు డీజిలు గేజి గల వర్కుషాపులో కొలత తీయించి, అంకెలు కాగితముపై వ్రాయించి తీసికొనుడు. బిల్లు ఆమోదించు సమావేశమున ఆ కాగితము ఉండుట సభ్యుల హక్కు.

గ్రామమునకు ఒక పెట్రోలు గేజి చాలును. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ వృత్తి నేర్చిన యువకుడు ఊరిలో నున్నచో అతనిచేత కొలిపింపవచ్చును. కర్ణాటకమునుండి బండి కొనువారు ఈ కొలతను బయానా ఇవ్వక మునుపే తీయించుట అవసరము. రిజిస్ట్రేషను మన రాష్ట్రమునకు మార్చుటకు అచటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. ఆ పత్రము వచ్చి, సొమ్ము చేతులు మారిన పిదప బండిని త్రిప్పి యిచ్చుట కష్టము. పొడి కొలత, ఆయిలు కొలత, తేదీ, మీటరులోని కిలోమీటర్లు ఒకే కాగితముపై వ్రాసి అమ్మువాడును కొనువాడును సంతకము చేసినచో తరువాత పంచాయతీకి వచ్చు తగవు సగము తగ్గును. పరీక్షకు ఒప్పుకొనని అమ్మకందారు ఏదో దాచుచున్నాడని అనుకొనుట అన్యాయము కాదని నా అభిప్రాయము.

పరీక్ష ముగిసిన పిదప ప్లగ్గులను మొదట చేతి వ్రేళ్ళతోనే మరలలోనికి ఎక్కించి, తిన్నగా పోవుచున్నవని తెలిసిన మీదటనే స్పానరు వాడవలెను. కాయిలుల తీగెలు ఏ సిలిండరువి ఆ సిలిండరుకే తగిలించి, పెట్రోలు పంపు ఫ్యూజు యథాస్థానమున పెట్టవలెను. తొలుత ఇంజను వెంటనే అందుకొనకపోవచ్చును. గొట్టములలోనికి పెట్రోలు మరల రావలెను గదా. ఆయిలు పోసి కొలిచిన సిలిండరు నుండి కొన్ని నిమిషములు దట్టమైన నీలిపొగ వచ్చును. అది మనము పోసిన చెంచాడు ఆయిలు కాలుటయే. అది ఆగిన పిదపనే బండిని ఊరిలోనికి తీసికొని పోవుట ఇరుగుపొరుగువారికి మేలు.